ఢిల్లీ లేఖ: ఇంజను వయస్సును లెక్కించవలసింది ఎవరు?

రాజధాని వార్తలంటే పార్లమెంటు భవనం, మంత్రిత్వ శాఖల కార్యాలయాలు, సుప్రీంకోర్టు ప్రాంగణం, ఈ మూడింటి నడుమ తిరిగేవేనని పాఠకులలో చాలామంది అభిప్రాయం. అది చాలావరకు నిజమే. కాని ఈ మూడు చోట్ల జరిగే నిర్ణయాల బరువు చివరకు ఎవరి భుజాల మీద పడుతున్నదో చూడదలచినవారు ఒక్కసారి జి.టి. కర్నాల్ రోడ్డు దారి పట్టాలి. ఉత్తర ఢిల్లీలో సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్టు నగర్ అనే చోటు ఉన్నది. దేశం నలుమూలల నుంచి వచ్చే లారీలు అక్కడ ఆగుతాయి. సరుకు దించుతాయి, ఎత్తుకుంటాయి, మరమ్మతులు చేయించుకుంటాయి. దేశ వాణిజ్యం ఎలా ఉన్నదో ఆర్థిక సర్వేక్షణ పుటల కంటె అక్కడి టీ దుకాణాల వద్దే త్వరగా తెలుస్తుంది.

2025 డిసెంబరు చివరి వారంలో ఒక ఉదయం ఈ విలేఖరి అక్కడికి వెళ్ళడం తటస్థించింది. మంచు దట్టంగా కమ్మి ఉన్నది. పది అడుగుల దూరాన ఉన్న లారీ కూడ నీడలా కనిపిస్తున్నది. ఒక షెడ్డు ముందు ఆంధ్రప్రదేశ్ నంబరు గల పది చక్రాల లారీ క్యాబిను ముందుకు వంచి ఉన్నది. దాని ఇంజను కింద చెక్క దిమ్మల మీద విడివిడి భాగాలుగా పరచి ఉన్నది. పక్కనే ఒక నడివయస్కుడు శాలువా కప్పుకొని, ఆసుపత్రి వరండాలో రోగి బంధువు కూర్చున్నట్లు కూర్చుని ఉన్నాడు.

పలకరించగా పల్నాడు ప్రాంతం వాడని తెలిసింది. మిరపకాయల బస్తాలు వేసుకొని, ఇక్కడి ఖారీ బావలీ మసాలా బజారు వర్తకులకు చేర్చడానికి వచ్చాడు. పదహారేళ్ళు ఇతరుల లారీలు నడిపి, 2021లో ఒక పెద్ద రవాణా సంస్థ వదిలించుకున్న 2017 మోడలు లారీని అప్పు చేసి కొన్నాడు. ఇప్పుడు అది ఎనిమిది లక్షల కిలోమీటర్లు దాటింది. "గ్వాలియరు దాటేసరికి నీలం పొగ మొదలైందండీ. లాగుడు తగ్గిపోయింది. ఆయిలు గేజీ చూస్తే అడుగంటింది. సరుకు దింపి ఇక్కడికి తెస్తే ఉస్తాదు ఒక్క మాట అన్నాడు, ఇంజను బోరుకు వచ్చిందని" అని అతడు చెప్పాడు.

ఈ 'బోరుకు రావడం' అనే మాట లారీ యజమానుల నోట సాధారణంగా వినిపించేదే. కాని దాని వెనుకనున్న ఖర్చు, ఆ ఖర్చు వెనుకనున్న ప్రభుత్వ విధానాల చిక్కుముడి, రాజకీయ విషయాలపై ఆసక్తి గల పాఠకులు తెలుసుకొనదగినవి.

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా నొక్కడం వలన పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. కనుక ఆ నొక్కుడు ఎంత బిగువుగా ఉంటే ఇంజను అంత ఆరోగ్యంగా ఉన్నట్లు. లక్షల కిలోమీటర్లు తిరిగిన తరువాత సిలిండరు గోడలు అరుగుతాయి. పిస్టను రింగుల బిగువు సడలుతుంది. కాలిన వాయువు కిందికి, ఇంజను ఆయిలు పైకి జారతాయి. ఆయిలు మండి నీలం పొగ వస్తుంది. చలి ఉదయాన బండి త్వరగా స్టార్టు కాదు. దుమ్ము పట్టిన ఎయిరు ఫిల్టరు, వాయిదా వేసిన ఆయిలు మార్పిడి, పరిమితికి మించిన బరువు ఈ అరుగుదలను మరింత తొందర చేస్తాయి.

దీనికి రెండు వైద్యాలు ఉన్నాయి. రింగులు మాత్రం మార్చి పంపడం మొదటిది. అది కొద్ది నెలల ఉపశమనం. ఇంజనును పూర్తిగా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినదానిని మార్చడమో లేతు మీద సరిచేయడమో రెండవది. కొన్ని ఇంజన్లలో సిలిండరు లోపల లైనరు ఉంటుంది. దానిని తీసి కొత్తది వేయవచ్చు. మరికొన్నింటిలో లైనరు ఉండదు. అప్పుడు బ్లాకునే పెద్దదిగా బోరు చేసి, పెద్ద పరిమాణపు పిస్టన్లు వేయాలి. క్రాంకును పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో గ్రైండు చేసి, దానికి తగిన బేరింగులు అమర్చాలి. హెడ్డును సమతలం చేయాలి. వాల్వులు కూర్చోబెట్టాలి. ఇంజెక్టర్లను యంత్రం మీద పరీక్షించాలి. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను మళ్ళీ విప్పవలసిందే.

పల్నాడు యజమాని తన చొక్కా జేబులోని చీటీ తీసి చూపించాడు. మిస్త్రీ హిందీలో చెప్పగా అతడు తెలుగులో రాసుకున్న లెక్క అది. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు కలిపి 70,000 రూపాయలు. బోరింగు, క్రాంకు గ్రైండింగు, హెడ్డు పని, అనగా లేతు ఖర్చు 25,000. ఇంజెక్టర్లు, హైప్రెషరు పంపు మరమ్మతు 60,000. టర్బో, ఆయిలు పంపు, నీటి పంపు, గొట్టాలు 35,000. కొత్త ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు 10,000. మిస్త్రీ కూలి 25,000. మొత్తం 2,25,000 రూపాయలు. ఇది ఒక లారీ లెక్క మాత్రమే. ఇంజను రకాన్ని బట్టి, ఊరిని బట్టి, విడిభాగం కంపెనీదా కాదా అన్నదానిని బట్టి ఈ అంకె పైకీ కిందికీ పోతుంది. కశ్మీరీ గేటు విడిభాగాల బజారులో ఒకే పేరు గల పిస్టను రెండు ధరలకు దొరకవచ్చు. తక్కువ ధర పిస్టను కొన్నవాడు రెండవసారి ఎక్కువ ధర చెల్లిస్తాడని అక్కడివారి అనుభవం.

ఈ చీటీలో ఒక విశేషం ఉన్నది. పాత కాలపు ఇంజనులో ఖర్చంతా ఇనుముకే. బి.ఎస్.-4 ప్రమాణాల ఇంజను వచ్చిన తరువాత ఇంజెక్టర్లు, పంపు, టర్బో కలిపి పిస్టన్ల ఖర్చును మించిపోతున్నవి. గాలి శుభ్రత కొరకు తెచ్చిన సాంకేతిక పద్ధతికి వెల ఉన్నది. ఆ వెలలో ఒక భాగం ఎనిమిదేళ్ళ తరువాత, రెండవ యజమాని చేతికి, మరమ్మతు చీటీ రూపంలో వస్తున్నది.

చీటీలో లేని ఖర్చులు మరికొన్ని ఉన్నవి. పనికి పన్నెండు రోజులు పడుతుందన్నారు. లారీ కదిలితే అన్ని ఖర్చులూ పోను రోజుకు 3,000 రూపాయలు మిగులుతాయని అతని అంచనా. ఆ లెక్కన 36,000 నష్టం. చేతిలో ఉన్నది 75,000. మిగిలిన లక్షన్నర కొరకు ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి వడ్డీ మరొక 36,000. అన్నీ కలిపితే మూడు లక్షలకు మూడు వేలు తక్కువ. లారీ కొనడానికి అప్పిచ్చిన ఫైనాన్సు సంస్థ వాయిదా మాత్రం ఇంజను విప్పి ఉన్నదని ఆగదు.

మరి ఇంత ఖర్చు చేయడమెందుకు, అలాగే నడపరాదా అని పాఠకులు అడగవచ్చు. దానికీ లెక్క ఉన్నది. బాగున్నప్పుడు లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చిన లారీ అరిగిన తరువాత మూడున్నర ఇస్తున్నదనుకుందాము. నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగితే మొదటి లెక్కన 2,000 లీటర్లు, రెండవ లెక్కన సుమారు 2,286 లీటర్లు కావాలి. తేడా 286 లీటర్లు. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించిన తరువాత ఢిల్లీలో డీజిలు ధర 87 రూపాయల పైచిలుకుగా నిలిచింది. ఆ ధరకే లెక్కించినా నెలకు 25,000 రూపాయలు అదనంగా పొగ రూపంలో పోతున్నట్లు. ఆంధ్రప్రదేశ్‌లో నింపితే ఇంకా ఎక్కువ. మండిపోయే ఆయిలు ఖర్చు దీనికి తోడు. అంటే మూడు లక్షల రూపాయల మరమ్మతు పన్నెండు నెలలలో తన ఖర్చును తానే రాబట్టుకుంటుంది. పదమూడవ నెల నుంచి మిగిలేది యజమానిది.

ఆ పన్నెండు నెలలూ, ఆ తరువాతి కాలమూ అతనికి ఉన్నవా? ఇక్కడే మిస్త్రీ లెక్క ముగిసి ప్రభుత్వం లెక్క మొదలవుతుంది.

రాజధానిలో డీజిలు వాహనం వయస్సును పదేళ్ళుగా క్యాలెండరే నిర్ణయించింది. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలు ఢిల్లీలోను, చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలోను తిరగరాదని ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని బలపరచింది. ప్రాంతీయ వాయు నాణ్యతా నిర్వహణ కమిషను 2025 ఏప్రిల్‌లో మరొక అడుగు వేసి, గడువు తీరిన వాహనాలకు జూలై 1 నుంచి ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్నది. జనం గగ్గోలు పెట్టగా, ఢిల్లీ ప్రభుత్వమే అభ్యంతరం చెప్పగా, వారం తిరిగేసరికి దానిని నవంబరుకు వాయిదా వేసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు కేవలం వయస్సు కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు తీసుకొనరాదని చెప్పింది. డిసెంబరు 17న అదే కోర్టు ఆ రక్షణను బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల వాహనాలకు పరిమితం చేసింది. అటు కమిషను ఆదేశం ప్రకారం ఢిల్లీలో రిజిస్టరు కాని బి.ఎస్.-3, అంతకు ముందటి సరుకు వాహనాలకు 2025 నవంబరు 1 నుంచి నగర ప్రవేశం లేదు. బయటి బి.ఎస్.-4 సరుకు వాహనాలకు 2026 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చారు.

పల్నాడు లారీ బి.ఎస్.-4కు చెందినది. డిసెంబరులో విప్పిన ఇంజను ఖర్చు పన్నెండు నెలలకు తిరిగి వస్తుంది. ఢిల్లీ దారికి ఆదేశంలో ఉన్న గడువు పది నెలలు. ఆ పది నెలలలోనూ కాలుష్యం మితిమీరి, ఆంక్షల అంచెలలో చివరిది అమలైన రోజులలో, నిత్యావసరాలు కాని సరుకుతో వచ్చే ఇటువంటి లారీ సరిహద్దు వద్దే నిలిచిపోవాలి. ఢిల్లీ కాకపోతే నాగపూరు, కోల్‌కతా దారులు ఉన్నవి గదా అని అనవచ్చు. ఉన్నవి. కాని ఒక పెద్ద బజారు మూతపడిన లారీకి మిగిలిన దారులలో కిరాయి తగ్గుతుంది, అమ్మకం ధర అంతకంటె వేగంగా తగ్గుతుంది. ఉత్తరాదిన గడువు తీరిన లారీలు చవకగా దక్షిణాదికి, తూర్పు రాష్ట్రాలకు తరలివస్తే, అక్కడి చిన్న యజమాని లారీకి విలువ ఏమి మిగులుతుంది?

ఇంతమాత్రాన ఢిల్లీ గాలి గురించిన ఆందోళన కల్పితమని ఈ విలేఖరి భావం కాదు. చలికాలంలో ఇక్కడి పిల్లల దగ్గు విన్నవారెవరూ ఆ మాట అనలేరు. డీజిలు పొగలోని సూక్ష్మకణాలు ఊపిరితిత్తులకు చేటని వైద్యశాస్త్రం నిర్ద్వంద్వంగా చెబుతున్నది. పైగా ఎంత చక్కగా తిరిగి కట్టినా బి.ఎస్.-3 ఇంజను బి.ఎస్.-6 కాజాలదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న లారీలలోని కణ వడపోత పరికరం పాత లారీలో లేదు. మరమ్మతు వలన ఇంజను తన పుట్టుకనాటి స్థితికి చేరుతుందే తప్ప కొత్త జన్మ ఎత్తదు. ఈ సత్యాన్ని లారీ యజమానుల సంఘాలు కూడ అంగీకరించాలి.

అయితే దీనికి మరొక వైపు ఉన్నది. ఏడేళ్ళ లారీ నిర్లక్ష్యం వలన నల్లని పొగ కక్కుతూ చట్టబద్ధంగా తిరుగుతుంది. శ్రద్ధగా కట్టించిన పదేళ్ళ లారీ శుభ్రంగా ఉండి చట్టవిరుద్ధమవుతుంది. మిస్త్రీ ఇంజను వయస్సును సిలిండరు అరుగుదలతో కొలుస్తాడు. ప్రభుత్వం గోడ మీది క్యాలెండరుతో కొలుస్తున్నది. కోర్టు ఇప్పుడు వయస్సు నుంచి ప్రమాణానికి కొంత జరిగింది. అది మంచి మార్పే. కాని ప్రమాణం కూడ లారీ కర్మాగారం నుంచి బయటపడిన నాటి ముద్రయే. ఈనాటి పొగను కొలిచే లెక్క ఇంకా దూరంగానే ఉన్నది.

పాతదానిని తుక్కుగా ఇచ్చి కొత్తది కొనమని 2021 ఆగస్టులో ప్రారంభమైన తుక్కు విధానం సలహా ఇస్తున్నది. తుక్కుకు వచ్చేది కొత్త వాహనం షోరూం ధరలో 4 నుంచి 6 శాతమని ఆ విధానంలోనే చెప్పారు. రోడ్డు పన్నులో వాణిజ్య వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చునన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా కొత్త పది చక్రాల లారీ ముప్పై లక్షలకు పైమాటే. ముప్పై లక్షలకు 6 శాతమంటే 1,80,000 రూపాయలు. ఇంజను మరమ్మతు ఖర్చుకైనా చాలని సొమ్ము అది. వందల లారీలున్న సంస్థకు ఈ విధానం లాభసాటి కావచ్చు. కాని మన దేశంలో లారీ యజమానులలో అత్యధికులు అయిదు లారీలకు మించని చిన్నవారు. వారిలో చాలామంది ఒక్క లారీకి తామే యజమానులు, తామే డ్రైవర్లు. అటువంటివానికి లారీని తుక్కుకు ఇవ్వడమంటే, మళ్ళీ మరొకరి లారీకి డ్రైవరుగా పోవడమే.

పాత లారీని పట్టి ఉంచే మార్గమూ సులువుగా లేదు. పదిహేనేళ్ళు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలయింది. 2025 నవంబరులో వయస్సును బట్టి అంచెలు ఏర్పరచి ఈ రుసుములను ఇంకా పెంచారు. విడిభాగాల మీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గడం ఒక్కటే ఇటీవలి ఊరట.

మరమ్మతు అన్నది మన ఉపఖండానికి పరాయి విద్య కాదు. 1954లో జంషెడ్‌పూరులో టాటా వారు జర్మనీ బెంజి కంపెనీ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టిన నాటి నుంచి, రోడ్డు పక్కన చెట్టు కింద ఇంజను విప్పి బిగించగల మిస్త్రీల తరాలు తయారైనవి. బ్రిటన్‌లో తయారీ ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటినా పాకిస్తాన్ రహదారులపై బెడ్‌ఫోర్డు లారీలు తిరుగుతున్నవంటే అది ఈ విద్య మహిమయే. మన విజయవాడ జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు పెట్టని కోట. పల్నాడు యజమాని కూడ "ఆటోనగర్ దాకా ఈడ్చుకుపోగలిగితే అక్కడే చేయించుకునేవాడినండీ. పదిహేడు వందల కిలోమీటర్లు, గొలుసు కట్టి లాక్కుపోతే ఆ ఖర్చుకు ఇంకో ఇంజను వస్తుంది" అన్నాడు. ఇంతటి విద్యకు ప్రభుత్వ లెక్కలలో స్థానం లేదు. ఇంజను పూర్తిగా కట్టించినట్లు ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు లేదు. మిస్త్రీ మాటే వారంటీ.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. నిబంధన ఏదైనా దాని తేదీని ముందుగా ప్రకటించి, దానికి కట్టుబడి ఉండటం మొదటిది. జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, డిసెంబరులో ఒకటిగా మారే నియమాల నడుమ ఏ యజమానీ మూడు లక్షల నిర్ణయం తీసుకొనలేడు. కఠినమైన గడువు కంటె అనిశ్చితమైన గడువే అతనిని ఎక్కువగా నష్టపరుస్తున్నది. యంత్రాలతో పరీక్షించే ఫిట్‌నెస్ కేంద్రాలను జిల్లా జిల్లాకు విస్తరించి, పొగ కొలతకు వయస్సుతో సమానమైన విలువ ఇవ్వడం రెండవది. అప్పుడు నిర్లక్ష్యపు లారీ త్వరగా, శ్రద్ధ గల లారీ ఆలస్యంగా రోడ్డు దిగుతుంది. గాలికి మేలు చేసేది కూడ అదే. ఇంజను మరమ్మతుకు బ్యాంకులు తక్కువ వడ్డీకి చిన్న అప్పులు ఇవ్వడం, పాతది వదలి కొత్తది కొనే ఒంటి లారీ యజమానికి తుక్కు ధర మీద కాక కొత్త అప్పు మీద సహాయం చేయడం మూడవది. స్వచ్ఛమైన గాలి దేశమంతటికీ కావాలి. దాని వెలను ఒక్క లారీ గలవాడి వడ్డీ పద్దులో రాసి ఊరుకోవడం న్యాయం కాదు.

పదిరోజుల తరువాత ఈ విలేఖరి మళ్ళీ ఆ షెడ్డుకు వెళ్ళాడు. ఇంజను తన స్థానానికి చేరింది. వృద్ధుడైన సర్దార్జీ మిస్త్రీ సైగ చేయగా పల్నాడు యజమాని తాళం తిప్పాడు. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకున్నది. మొదట కాసేపు తెల్లని పొగ వచ్చి, తరువాత ఏమీ కనిపించకుండా పోయింది. మిస్త్రీ పొగగొట్టం ముందు అరచేయి పెట్టి చూసుకొని, తృప్తిగా తల ఆడించాడు.

"ఉస్తాద్, ఎన్నాళ్ళు నడుస్తుంది?" అని యజమాని తనకు వచ్చిన హిందీలో అడిగాడు.

"ఆయిలు వేళకు మారుస్తూ ఉండు, బరువు ఎక్కువ వేయకు. నాలుగు లక్షల కిలోమీటర్లు నాది పూచీ. తారీఖు సంగతి మాత్రం నన్ను అడగవద్దు. అది నా చేతిలో పని కాదు" అన్నాడు మిస్త్రీ.